లైటు స్తంభం పక్క పార్కింగ్ జాగా

అమెరికాలో మేం మొదట ఇల్లు కొనుక్కున్న ఊరు, యూనివర్సిటీని ఆనుకుని బతికే ఒక చిన్న ఊరు. నేను అక్కడి కౌంటీ రోడ్ల విభాగంలో ఇంజనీరుగా పనిచేసేవాణ్ని. ఆ ఊరి పేరు చెబితే బయటివాళ్లు ఒక్క క్షణం ఆగి, "ఓ, అక్కడా!" అనేవారు. మేం రావడానికి కొన్నేళ్ల ముందు, దూరదేశంలో అమెరికా చేస్తున్న యుద్ధం వద్దంటూ క్యాంపస్‌లో గుమిగూడిన విద్యార్థుల మీద సైనికులు కాల్పులు జరిపారు. కొందరు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మేం ఇల్లు కొనేనాటికి ఆ యుద్ధమే ముగిసిపోయింది. ఊళ్లో మాత్రం ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు రెండు పక్షాలైపోతారని భయం. మా ఆఫీసులో భోజనాల దగ్గర బేస్‌బాల్ గురించీ, పన్నుల గురించీ, మంచు గురించీ మాట్లాడుకునేవారు. దీని గురించి నేను అక్కడ ఒక్క మాట కూడా వినలేదు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాయడం నాకు అలవాటు. పొద్దున వాతావరణం, చేసిన పని, ఇంటికి వచ్చినవాళ్లు, కొన్న సామాను. ఇంతకు మించి అందులో పెద్దగా ఏమీ ఉండదు. ఇప్పుడు రాస్తున్న సంగతికి ఆ డైరీలను తిరగేయాల్సిన అవసరం కలగలేదు.

డెబ్భైల చివర ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. గుడికి వెళ్లాలంటే పిట్స్‌బర్గ్ దాకా కారులో పోవాలి. అందుకని పండగలన్నీ యూనివర్సిటీలో ఒక హాలు తీసుకుని, అసలు తిథి ఏ రోజున వచ్చినా సరే, దగ్గర్లోని ఆదివారం నాడు జరుపుకునేవాళ్లం. హాలు ఇప్పించేదీ, పూజ చేయించేదీ ఒక్కరే. స్టాటిస్టిక్స్ చెప్పే ప్రొఫెసరు గారు. మంత్రాలు ఆయన తండ్రిగారి దగ్గర నేర్చుకున్నవి. చలికి కోటు విప్పకుండానే పూజ చేయించేవారు.

ఆ ఏడాది దసరా అక్టోబరు నెల ఆదివారం ఒకటి చూసి పెట్టుకున్నాం. మా మిత్రుడొకడు కొత్త స్టేషన్ వాగన్ కొన్నాడు. హైదరాబాదు వైపువాడు, వయసులో నాకంటే చిన్న, కెమికల్ ఇంజనీరు. వాళ్లమ్మగారు వరంగల్ దగ్గర్నుంచి కొత్తగా వచ్చి ఉన్నారు. దసరాకి ఆయుధపూజ, కొత్త బండి, తల్లి పక్కనే ఉంది. ఇంకేం కావాలి? హాలు వెనక పార్కింగ్ లాట్‌లో వాహనపూజ చేద్దామన్నారు.

"ఏందిరా గీ గుమ్మడికాయ, గింత ఎర్రగున్నది?" అన్నారు పెద్దామె, కొడుకు కారులోంచి దించిన కాయను చూసి. "బూడిద గుమ్మడికాయ దొరకదా ఈ దేశంల?"

"గిదే దొరుకుతదమ్మా. ఈ నెల ఏ దుకాణంల జూసినా గివే. పిల్లలు వీటికి దయ్యం మొఖాలు చెక్కి ఇంటి ముంగట పెడ్తరు."

"దయ్యం మొఖాలా? అట్లయితే దిష్టికి గిదే మంచిగ పనిజేస్తది, పట్కరా."

అందరం నవ్వాం. ఆదివారం కాబట్టి లాట్ సగానికి పైగా ఖాళీ. బండిని ఎక్కడ నిలపాలా అని చూస్తుంటే లైటు స్తంభం పక్కనున్న జాగా పెద్దామె కంటబడింది. అక్కడ తారు మీద వాడిన పూలగుత్తులు రెండు, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనం ఉన్నాయి.

"గీడ ఎవరో ముందుగాల్నే పూజ చేసిన్రు. మంచి జాగా. ఈడనే పెట్టురా."

మాకెవరికీ సందేహం రాలేదు. అంతకు ముందు వారం గుజరాతీ కుటుంబాలు అదే హాల్లో నవరాత్రి చేసుకున్నాయి. వాళ్లలో ఎవరో కారు కొని ఉంటారనుకున్నాం. పూలూ దీపమూ కనబడితే మా కళ్లకు తోచేది అదే మరి. కాల్పులు క్యాంపస్‌లో గుట్ట మీద నుంచి జరిగాయని మాకు తెలుసు. తూటాలు ఎంత దూరం వెళ్లాయో, పడిపోయినవాళ్లు ఎక్కడ పడ్డారో మాలో ఎవరికీ తెలియదు.

ప్రొఫెసరు గారు మంత్రాలు చదివారు. బండికి బంతిపూలు దొరక్క చామంతుల దండ వేశారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందుకూ వెనక్కూ నడిపించి చితక్కొట్టారు. గుమ్మడికాయకు గంటు పెట్టి, అందులో కుంకుమ నింపి, సున్నంనీళ్లు పోసి, పైన కర్పూరం వెలిగించి, మా మిత్రుడు మూడుసార్లు బండికి దిష్టి తీసి, రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. కాయ బాగా పండినదేమో, చాలా దూరం చిందింది. నల్లటి తారు మీద ఎర్రగా.

సరిగ్గా అప్పుడు ఒక పాత నీలం రంగు కారు వచ్చి కొత్త వాగన్ వెనక ఆగింది. హారన్ కొట్టలేదు. అరవై దాటిన ఒక పొడుగాటి మనిషి దిగాడు. ఆయన చొక్కా చేతులకు గ్రీజు మరకలున్నాయి. రెండడుగులు వేసి నేలకేసి చూశాడు. చూసి, మా మిత్రుడి కొత్త కారు మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు.

"ఎవరికి దెబ్బ తగిలింది?" అన్నాడు.

"అయ్యో, ఎవరికీ కాదు సర్!" అన్నాడు మా మిత్రుడు ఉత్సాహంగా. "ఇది పంప్‌కిన్. రంగు. కొత్త కారుకి బ్లెస్సింగ్ చేస్తున్నాం. స్వీట్ తీసుకోండి." ఆయన చేతిలో ఒక లడ్డూ పెట్టాడు కూడా. ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియని మనిషి చేతిలో లడ్డూ ఎలా ఉంటుందో అలా ఉంది.

"మీకు ఇబ్బంది లేకపోతే, నేనిక్కడ కారు ఆపుకోవాలి."

"లాట్ అంతా ఖాళీనే కదా సర్. అదిగో, అక్కడ..."

"నాకు ఇదే కావాలి."

గొంతు పెంచలేదు. కానీ ఆ మాట విన్నాక నాకు ఏదో తేడాగా అనిపించింది. ఆయన కారు ముందు సీట్లో కాగితం చుట్టిన పూలగుత్తి ఒకటి కనబడింది. కింద పడి ఉన్నవాటిని చూశాను. దగ్గరికి వెళ్లి, "క్షమించండి, ఇక్కడ ఏదైనా ఉందా? మేం తెలియక..." అన్నాను.

"ఇవాళ మా అబ్బాయి పుట్టినరోజు," అన్నాడాయన. స్తంభం మొదలు చూపించి, "వాడు పడిపోయింది ఇక్కడే," అన్నాడు.

అర్థం కావడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు. మా మిత్రుడు వెళ్లి చామంతుల దండ తెంచేసి, కారెక్కి, ఎవరివైపూ చూడకుండా బండిని లాట్ చివరికి తీసుకుపోయాడు. తిరిగి నడిచి వచ్చేసరికి వాళ్లమ్మగారు ఎదురెళ్లారు.

"ఏమైందిరా? పూజ కాకముందే బండి ఎందుకు తీసినవ్?"

"ఆయన కొడుకు చచ్చిపోయిండమ్మా, గీ జాగల. చదువుకునే పిలగాడు. మిలిటరోల్లు కాల్చిన్రు."

కొత్త బండిని అలాంటి చోట నిలబెట్టామని ఆమె ఏదైనా అంటుందేమోనని నేను భయపడ్డాను. ఆమె మాత్రం వచ్చి, పట్టుచీరతోనే ఆ తారు మీద చతికిలబడి, గుమ్మడికాయ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. "అయ్యో కొడుకా, అయ్యో కొడుకా" అంటూనే ఉంది. మా ఆవిడా మిగతా ఆడవాళ్లూ హాలు వంటగదిలోంచి బకెట్లతో నీళ్లు తెచ్చారు. ఆ పెద్దమనిషి, "వదిలేయండి, ఫర్వాలేదు" అన్నాడు రెండుమూడుసార్లు. ఎవరూ వినడంలేదని తనూ వంగి ముక్కలు ఏరాడు. లడ్డూ జేబులో పెట్టుకున్నాడు.

కుంకుమ అంత తేలిగ్గా పోదు. రోడ్లు వేయించినవాణ్ని కదా, తారు లోపలికి ఎంత పీల్చుకుంటుందో నాకు తెలుసు. పోసిన నీళ్లు ఎర్రగా కాలువ మూత దాకా పారాయి. చివరికి లేత గులాబీరంగు మిగిలింది.

అంతా కడిగాక ఆయన తన కారెక్కి, తిన్నగా తీసుకొచ్చి ఆ జాగాలోనే పెట్టుకున్నాడు. ఇంజన్ ఆపి లోపలే కూర్చున్నాడు.

"అదేంటండీ," అంది మా ఆవిడ నా చెవిలో. "పిల్లాడు పోయిన చోటు మీదే బండి పెట్టుకుంటున్నాడు?"

నాకూ అర్థం కాలేదు. భోజనాల వేళ ప్లేట్‌లో పులిహోర, గారెలు పెట్టుకుని వెళ్లాను. అద్దం దించాడు. తినడం మొదలుపెట్టాక, అడగొచ్చో కూడదో అనుకుంటూనే అడిగాను.

"నాది లేకపోతే ఇంకొకరిది ఉంటుంది," అన్నాడు. "ఏడాదంతా ఉంటుంది. దానికి నేనేం చేయలేను. ఈ ఒక్క రోజు మాత్రం ఇంకెవరి కారూ వాడి మీద నిలవకూడదు."

ఆయన ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఉండేది పక్క రాష్ట్రం. కాల్పులు జరిగిన రోజున ఏటా సభలూ ఉపన్యాసాలూ ఉంటాయనీ, ఆ రోజున తాను రాననీ చెప్పాడు. పుట్టినరోజుకి వస్తాడు. ఇంకా చీకటి ఉండగానే చేరుకుని సాయంత్రం దాకా ఉండిపోతాడు. ఇవాళ హైవే మీద టైరు పగిలింది. తనే మార్చుకుని వచ్చేసరికి ఆలస్యమైంది.

"మొదటి ఏడాది కారు అక్కడ దూరంగా పెట్టి, ఇక్కడ నిలబడ్డాను," అన్నాడు. "ట్రక్కులో ఒకతను వచ్చి తప్పుకోమన్నాడు. ఇక్కడ మా అబ్బాయి చనిపోయాడని చెప్పాను. 'ఇంకొంతమందిని కాల్చాల్సింది' అన్నాడు. నా వయసువాడే. నాలాగే పనిచేసుకుని బతికేవాడు. మా వీధిలోనూ ఆ మాటే అన్నారు, నాకు వినబడేలా. అప్పట్నుంచి ఎవరికీ చెప్పను. కారు పెట్టుకుని కూర్చుంటాను. కారుని ఎవరూ ఏమీ అడగరు."

ఆయన ఖాళీ చేసిన ప్లేటు అందుకున్నాను. "మా ఇల్లు ఇక్కడికి దగ్గరే. వచ్చే ఏడాది మీరు వచ్చేదాకా నా కారు పెట్టి ఉంచుతాను. మీరు చీకట్లో బయల్దేరక్కర్లేదు," అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "ఎందుకు?" అన్నాడు.

"దగ్గరే కదా," అన్నాను మళ్లీ. ఇప్పుడు అడిగినా అంతకంటే మంచి సమాధానం నా దగ్గర లేదు.

ఇంటికొచ్చాక మిత్రుడు చీవాట్లు పెట్టాడు. అప్పటికి నేను సిటిజన్‌షిప్‌కి అప్లై చేయడానికి ఏళ్లు లెక్కపెట్టుకుంటున్నాను.

"నీకెందుకన్నా ఈ లొల్లి? ఆడికి పోయినోళ్లందరి ఫోటోలు పోలీసోళ్లు తీస్తరంట. రేపు ఇంటర్వ్యూల ఫైలు దీసి, ఏమయ్యా, పొద్దున్నే ఆడేం పని నీకు అని అడిగితే ఏం జెప్తవ్?"

"కారు పార్క్ చేశానని చెబుతారు," అంది మా ఆవిడ కాఫీ ఇస్తూ. "దానిక్కూడా వీసా కావాలా ఏమిటి?"

"వదినా, నువ్వు నవ్వులాటకు తీస్కుంటున్నవ్."

"లేదు తమ్ముడూ. ఆయన ముసలాయన. టైరు తనే మార్చుకుని వచ్చాడు. అది చూసి ఊరుకోమంటావా?"

అతను కాఫీ తాగలేదు. కప్పు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జరిగినప్పుడు అతను హైదరాబాదులో కాలేజీ చదువులో ఉన్నాడు. హాస్టల్లో పక్క మంచం కుర్రవాడు ఊరేగింపుకని వెళ్లి పోలీసు కాల్పుల్లో పోయాడు. అతనూ వెళ్లాల్సిందే, జ్వరమొచ్చి ఆగిపోయాడు.

"ఆ జాగల ఇప్పుడు సిటీ బస్సులు తిరుగుతయి అన్నా. నేను మల్ల ఆ బాటకు పోలే. బస్సు ఆ దిక్కు పోతే ముందే దిగి నడిచిన," అన్నాడు. తర్వాత లేచి, "నువ్వు పోతే పో. నన్ను మాత్రం రమ్మనకు," అని వెళ్లిపోయాడు. నేను ఎన్నడూ రమ్మనలేదు. అతనూ మళ్లీ వద్దని చెప్పలేదు.

ఆ తర్వాత ఏటా అక్టోబరులో ఆ రోజు వచ్చేసరికి ఫ్లాస్కులో కాఫీ, న్యూస్‌పేపరు తీసుకుని, తెల్లవారకముందే వెళ్లి లైటు స్తంభం పక్కన కారు పెట్టుకునేవాణ్ని. ఆఫీసుకి సెలవు పెట్టేవాణ్ని. నీలం కారు లాట్‌లోకి మలుపు తిరగడం కనబడగానే నేను రివర్స్ చేసి బయటికి వచ్చేవాణ్ని. నేను తీయడం, ఆయన పెట్టడం, మధ్యలో ఇంకొకరు దూరడానికి సందు లేకుండా జరగాలి. రెండో ఏడాదికే మాకు అది బాగా అలవాటైపోయింది. తర్వాత వెళ్లి ఆయన కారులో కాసేపు కూర్చునేవాణ్ని.

పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఒకసారి నా పని గురించి అడిగాడు. వంతెనల గురించి చెబితే ఆసక్తిగా విన్నాడు. ఉక్కు తెలిసిన మనిషి. ఇంకోసారి తన కొడుకు గురించి చెప్పాడు. ఆయన తన కుర్రతనంలో, అంతకు ముందటి యుద్ధంలో సైనికుడిగా పనిచేశాడు. ఈ యుద్ధం కూడా చేయాల్సిందేనని ఆయన వాదన, వద్దని కొడుకు వాదన. ఆ వారం క్యాంపస్‌కి సైన్యం వచ్చిందని తెలిసి ఆయన భార్య భయపడి కొడుకుని ఇంటికి రమ్మని ఫోన్ చేసిందట. ఫోన్ ఈయన తీసుకున్నాడు.

"వాళ్లూ నీ వయసు పిల్లలే. సైనికుడు సొంతవాళ్లను కాల్చడు. నేను సైనికుడిగా ఉన్నవాణ్ని, నాకు తెలుసు. అమ్మ మాటలకు క్లాసులు పోగొట్టుకుని రావద్దు అన్నాను," అని చెప్పాడు. "అన్ని విషయాల్లోనూ నాతో వాదించేవాడు. ఈ ఒక్క మాటే నమ్మాడు."

అద్దానికి ఆవిరి పట్టింది. ఆయన అరచేత్తో తుడిచాడు. నేను ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాను. ఆయన భార్య అప్పటికి చనిపోయి ఉంది. ఆమె ఒక్కసారి కూడా ఈ చోటికి రాలేదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఒక ఏడాది ఆ రోజు శనివారం వచ్చింది. అదే రోజు ఫుట్‌బాల్ ఆట. మా ఆవిడ కూడా నాతో వచ్చింది. అప్పటికి ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది, ఆ రోజు స్టీరింగ్ దగ్గర తనే కూర్చుంది. ఎండ ఎక్కేసరికి నారింజరంగు చేతుల్లేని కోటు వేసుకున్న ఒక కుర్ర అటెండెంటు వచ్చి, ఇవాళ ఈ లాట్ పాసులున్నవాళ్లకే, కారు తీయమన్నాడు. పెద్దాయన ఇంకా రాలేదు. నాకు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఇంకో నెలలో ఉంది. ఏం చెప్పాలా అని తడుముకుంటుంటే మా ఆవిడ అద్దం దించి, "స్టార్ట్ కావడం లేదు," అంది ఇంగ్లీషులో.

ఆమె జీవితంలో అబద్ధం ఆడగా నేను చూడలేదు. అబద్ధమాడటానికి ఆమెకు ఇంగ్లీషు ఇంత బాగా వస్తుందని కూడా తెలియదు.

"బ్యాటరీ అయ్యుంటుంది," అన్నాడు అటెండెంటు మంచివాడిలా. "ఆగండి, నా ట్రక్కులో కేబుల్స్ ఉన్నాయి." ట్రక్కు తెచ్చి పక్కన పెట్టాడు. బానెట్ ఎత్తించాడు. ఏ జబ్బూ లేని మా బ్యాటరీకి తన బ్యాటరీ కలిపాడు. "ఇప్పుడు ట్రై చేయండి, మేడమ్."

మా ఆవిడ తాళంచెవిని సగమే తిప్పింది. "లేదు," అంది విచారంగా.

"మళ్లీ."

"లేదు."

"ఏమండీ," అంది నాతో తెలుగులో, మొహం ఏమాత్రం మార్చకుండా, "ఈ పిల్లాడు ఇంకా ఎన్నిసార్లు తిప్పమంటాడు? నాకు నవ్వొస్తోంది."

"నవ్వకు. అటు చూడు."

నీలం కారు మలుపు తిరుగుతోంది. మా ఆవిడ తాళంచెవి పూర్తిగా తిప్పింది. కారు మొదటి ప్రయత్నంలోనే గర్రుమంది. అటెండెంటు సంబరపడి బానెట్ మూశాడు. మేం బయటికి రావడమూ, పెద్దాయన అక్కడికి దూరడమూ చూసి, నోరు తెరిచి మా వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశాడు. అప్పుడేమనుకున్నాడో తెలియదు. ఆయన దగ్గరికి వెళ్లి ఏదో అడిగాడు. ఆయన దిగకుండా పాస్ ఒకటి చూపించాడు. ఆట ఉందని ముందే కనుక్కుని పాస్ కొన్నాడట. ఆట మాత్రం చూడలేదు. మేం కూడా అప్పటికప్పుడు పాస్ కొంటే సరిపోయేదని ఇంటికొచ్చాక గాని మాకు తట్టలేదు.

ఇంటర్వ్యూలో ఈ సంగతులేవీ ఎవరూ అడగలేదు. సిటిజన్‌షిప్ వచ్చింది. మిత్రుడు ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లిపోయాడు. ఎనభైలు సగానికి వచ్చాయి. పెద్దాయన చూపు తగ్గుతోందని ఫోన్‌లో తెలిసింది. ఆపరేషన్ చేశారు. అయినా ఆ ఏడాది లైసెన్సు తీసేశారు.

"ఇంక కారు లేదు," అన్నాడు ఫోన్‌లో. "కారు లేకుండా నేనక్కడికొచ్చి ఏం చేస్తాను?"

"బస్సులో రండి. నేను వచ్చి తీసుకెళతాను. నా కారు ఉంది కదా," అన్నాను.

కానీ ఒక చిక్కు వచ్చింది. నేను బస్టాండుకి వెళితే జాగా ఖాళీ అవుతుంది. ఆ రోజు మామూలు పనిదినం. యూనివర్సిటీ నడిచే రోజుల్లో ఆ లాట్‌లో జాగా కోసం పిల్లలు చక్కర్లు కొడుతూ ఉంటారు. ఎవరైనా పెట్టేస్తే సాయంత్రం దాకా తీయరు. మా ఆవిడ, "మీరెళ్లండి, నేనుంటాను," అంది. చీర మీద స్వెట్టరు, కాళ్లకు టెన్నిస్ బూట్లు వేసుకుని ఆ జాగా మధ్యలో నిలబడింది.

నేను పెద్దాయనతో తిరిగి వచ్చేసరికి అలాగే నిలబడి ఉంది. లోపలికి తిప్పబోతూ తప్పుకోమని చెయ్యి ఊపాను. కదల్లేదు. అద్దం దించాను.

"బండి వద్దండీ," అంది. "ఎన్నేళ్లని ఆ పిల్లాడి మీద చక్రాలు పెడతారు? మనుషులం ముగ్గురం ఉన్నాం కదా. నిలబడదాం."

పెద్దాయన ఏమంటోందని అడిగాడు. చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఎదురుగా ఉన్న ఖాళీ తారు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తలుపు తీసుకుని, కర్ర ఆనించుకుంటూ దిగాడు. నేను వెళ్లి కారు దూరంగా ఇంకెక్కడో పెట్టి నడిచి వచ్చాను.

ముగ్గురం అక్కడ నిలబడ్డాం. చలిగాలి వీస్తోంది. ఆయన పూలు కింద పెట్టి, కర్రను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ట్రక్కు మనిషి వచ్చిన రోజు తర్వాత ఆయన ఆ నేల మీద కాళ్లతో ఇంతసేపు నిలబడటం ఇదే మొదటిసారి అయ్యుండాలి. అంతవరకూ ఆయన దిగి, పూలు పెట్టి, వెంటనే కారెక్కి కూర్చోవడమే నేను చూశాను.

ఎక్కువసేపు కాకముందే ఒక చిన్న ఎర్ర కారు వచ్చి మా ముందు ఆగి బ్లింకర్ వేసింది. ఒక అమ్మాయి, విద్యార్థిని, అద్దం దించింది.

"ఇక్కడ పెట్టుకోవచ్చా? నాకు క్లాసుకి టైమైపోయింది."

ఏదో ఒకటి చెప్పి పంపేద్దామని నోరు తెరిచాను. బ్యాటరీ గుర్తొచ్చింది, కానీ చెడిపోవడానికి ఇప్పుడు కారే లేదు. పెద్దాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఇక్కడ మా అబ్బాయి చనిపోయాడు," అన్నాడు. "సైనికులు కాల్చారు. ఇవాళ వాడి పుట్టినరోజు. ఈ ఒక్క రోజు ఇక్కడ ఎవరూ కారు పెట్టకుండా చూసుకుంటాను."

ఆ అమ్మాయి బ్లింకర్ టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఆమె వయసు లెక్క వేస్తే, ఆ కాల్పులు జరిగినప్పుడు చిన్న పిల్ల. పెద్దాయన ఆమె మొహం వైపే చూస్తున్నాడు. ఏ మాట వస్తుందోనని ఎదురుచూస్తున్న మనిషిలా మెడ కొంచెం లోపలికి లాక్కున్నాడు.

"సారీ సర్," అందామె. "నాకు తెలీదు." ఆగి, "ఆయన పేరేమిటి?" అని అడిగింది.

ఆయన చెప్పాడు. ఆమె ఆ పేరు ఒకసారి తిరిగి పలికింది. తలూపి, బ్లింకర్ ఆపి, ఇంకో జాగా వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

పెద్దాయన మా వైపు తిరిగాడు. "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు మళ్లీ, ఈసారి మమ్మల్ని అడుగుతున్నట్టు లేదు.

ఆ తర్వాత కార్లు వస్తూనే ఉన్నాయి. అందరూ ఆ అమ్మాయిలా లేరు. ఒకతను గొణుక్కుంటూ వెళ్లాడు. ఇంకొకతను ఇదేమైనా మీ సొంత స్థలమా అని అడిగాడు, ఆయన కాదన్నాడు, అయినా కదల్లేదు. ఒకావిడ దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ బ్యాగులోంచి అరటిపళ్లు తీసి ఇచ్చింది. కాసేపు ఎక్కడైనా కూర్చుందామని నేనంటే ఆయన వద్దన్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి, కారు మలుపు తిరగడం నాకంటే ముందు తనే గమనించి, ఆ సరిగా ఆనని కళ్లతోనే, రెండడుగులు ఎదురెళ్లి చెయ్యెత్తి ఆపి, తన కొడుకు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.